చిన్న కార్లకు టర్బోఛార్జింగ్

ఇంజను నుండి వెలువడే పొగ ఉరవడితో ఒక చిన్న గాలిపంకాను తిప్పి, దాని ద్వారా ఇంజనులోకి మామూలు కంటే ఎక్కువ గాలిని నెట్టే పద్ధతిని టర్బోఛార్జింగ్ అంటారు. ఈ పని చేసే సాధనం పేరు టర్బోఛార్జర్. వాడుకలో దీనిని టర్బో అని మాత్రమే పిలుస్తారు. కర్మాగారంలో టర్బో లేకుండా తయారైన చిన్న పెట్రోలు కారుకు, ముఖ్యంగా తేలికపాటి స్పోర్ట్స్ కారుకు, తరువాతి కాలంలో టర్బో అమర్చి శక్తిని పెంచుకోవడం అనేక దేశాలలో ఒక అభిరుచిగా వ్యాపించినది.

టర్బో అనగానే చాలామందికి గాలి పీడనం గుర్తుకు వస్తుంది. కాని ఈ పనిలో ఇంజనులను పాడుచేసేది చాలావరకు పీడనం కాదు, వేడిమి. ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు ప్రాంతం (నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ పరిసరాలు) ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. రాష్ట్రంలో ఎండలకు పేరుపడిన రెంటచింతల ఈ ప్రాంతంలోనే ఉన్నది. చలిదేశాల పుస్తకాలలో చెప్పిన కొలతలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఏమి జరుగుతుందో ఈ వ్యాసంలో వివరించబడినది.

పనిచేసే విధానం

పెట్రోలు ఇంజను శక్తి అది పీల్చుకునే గాలి బరువు మీద ఆధారపడి ఉంటుంది. ఇంధనాన్ని ఎంతైనా పోయవచ్చును, కాని దానిని మండించడానికి తగినంత గాలి లేకపోతే ఆ ఇంధనం వృథా. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావలెను. సాధారణ ఇంజనులో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే వెలితిని బయటి గాలి తనంతట తానే వచ్చి నింపుతుంది. టర్బో ఉన్న ఇంజనులో గాలిని బలవంతంగా కూరుస్తారు.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు చక్రాలు ఉంటాయి. పొగ తగిలి తిరిగే చక్రం టర్బైను. రెండవ చివర గాలిని అదిమే చక్రం కంప్రెసర్. చిన్న కార్ల టర్బోలలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరగగలదు. అంత వేగంలో బాల్ బేరింగులు లేని టర్బోలలో ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. అందుచేత టర్బోకు నూనె ప్రాణాధారం. నూనె కొన్ని క్షణాలు అందకపోయినా ఇరుసు అరిగిపోతుంది.

పీడనం హద్దు మీరకుండా వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు కాపాడుతుంది. కోరిన పీడనం రాగానే అది తెరుచుకుని, కొంత పొగను టర్బైనుకు తగలకుండా పక్కదారిన సైలెన్సర్ వైపు పంపుతుంది. అదిమిన గాలిని చల్లార్చడానికి కంప్రెసర్‌కు, ఇంజనుకు మధ్య పెట్టే జాలీ వంటి పరికరాన్ని ఇంటర్‌కూలర్ అంటారు. ఇది రేడియేటర్ వంటిదే, కాని దీనిలో నీటికి బదులు గాలి ప్రవహిస్తుంది.

యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే శక్తి రాకపోవడం టర్బోలకు ఉన్న పాత లోపం. పొగ పెరగాలి, టర్బైను వేగం అందుకోవాలి, అప్పుడే గాలి వస్తుంది. ఈ ఆలస్యం పెద్ద టర్బోలలో ఎక్కువ, చిన్న టర్బోలలో తక్కువ.

చరిత్ర

స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. పొగతో పాటు వృథాగా పోతున్న వేడిమిని తిరిగి పనికి పెట్టాలన్నది అతని ఉద్దేశం. అతని ఆలోచన కార్యరూపం దాల్చడానికి ఇరవై సంవత్సరాలు పట్టింది. 1920 దశకంలో జర్మనీ నౌకల డీజిల్ ఇంజనులకు టర్బో అమర్చి, వాటి శక్తిని 1750 నుండి 2500 హార్స్‌పవర్‌కు పెంచగలిగారు.

ఈలోగా విమానాల అవసరం ముందుకు వచ్చింది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడి విమానం ఇంజను బలహీనపడుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో అగస్త్ రాటో ఈ దిశగా కృషి చేశాడు. 1918లో అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ శిఖరం మీదికి ఒక విమాన ఇంజనును చేర్చి, అక్కడి పలుచని గాలిలో టర్బో సహాయంతో దానిని పూర్తి శక్తితో నడిపి చూపించాడు.

కార్లలో టర్బో 1962లో వచ్చింది. ఆ సంవత్సరం అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వెయిర్ మాంజా స్పైడర్ అనే రెండు కార్లు టర్బోతో విడుదలైనవి. వీటిలో జెట్‌ఫైర్ కథ నేటి అభిరుచిపరులకు కూడా పాఠం వంటిది. దాని 3.5 లీటర్ల ఇంజనులో కంప్రెషన్ నిష్పత్తి 10.25. టర్బో ఇంజనుకు ఇది చాలా ఎక్కువ. అందువల్ల ఇంజను లోపల వేడిమి పెరగకుండా నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం తొట్టిని ఎప్పటికప్పుడు నింపుకోవలసిన బాధ్యత యజమానిది. చాలామంది నింపలేదు. ద్రవం అయిపోతే కారు తన శక్తిని తానే తగ్గించుకునేది. దానితో విసిగిన అనేకులు చివరకు టర్బోనే తీయించివేసుకున్నారు. వేడిమిని అదుపులో పెట్టే పనిని మనిషి జ్ఞాపకశక్తికి వదిలిపెట్టరాదని ఆ కారు నిరూపించినది.

1973లో బిఎండబ్ల్యూ 2002 టర్బో, 1975 నుండి పోర్షె 911 టర్బో, 1978లో సాబ్ 99 టర్బో వచ్చి ఈ పద్ధతిని స్పోర్ట్స్ కార్లలో స్థిరపరచాయి. 1977లో రెనో సంస్థ 1.5 లీటర్ల టర్బో ఇంజనుతో ఫార్ములా వన్‌లో ప్రవేశించినప్పుడు ప్రత్యర్థులు 3 లీటర్ల ఇంజనులు వాడుతుండేవారు. తరచు ఇంజను చెడి పొగలు కక్కడం చూసి ఆ కారును పసుపుపచ్చ టీపాట్ అని ఎగతాళి చేశారు. కాని కొన్ని సంవత్సరాలలోనే తక్కిన జట్లు కూడా టర్బో బాట పట్టాయి. 1989లో ఫార్ములా వన్‌లో టర్బోలను నిషేధించారు. 2014లో 1.6 లీటర్ల ఇంజనులతో అవి తిరిగి వచ్చాయి.

చిన్న కార్లకు సంబంధించినంతవరకు జపాను అనుభవం ముఖ్యమైనది. అక్కడ 660 ఘనపు సెంటీమీటర్ల లోపు ఇంజనులున్న కార్లకు ప్రత్యేక తరగతి ఉన్నది. 1991లో సుజుకి విడుదల చేసిన కాపుచినో అనే రెండు సీట్ల కారు 657 సిసి టర్బో ఇంజనుతో 64 హార్స్‌పవర్ ఇచ్చేది. మన దేశంలో 1983లో మొదలైన మారుతి 800 ఇంజను (796 సిసి) కూడా సుజుకి వారి అదే ఎఫ్ శ్రేణికి చెందినది. అయినా తొలి మారుతి 800 శక్తి 40 హార్స్‌పవర్ లోపే. ఈ తేడా అంతా టర్బో మహిమే అనుకోవడం పొరపాటు. కాపుచినో ఇంజనులో వాల్వులు, కామ్‌షాఫ్టుల అమరిక కూడా వేరు. టర్బో బరువును మోయడానికి దానిని మొదటి నుండి సిద్ధం చేసి నిర్మించారు.

భారతదేశంలో చిన్న టర్బో కార్లు

మన దేశంలో స్పోర్ట్స్ కారు అనదగిన చిన్న కార్లు చాలా తక్కువ. 1990 దశకం చివరలో గోవాలో తయారైన సాన్ స్టార్మ్ ఫైబర్‌గ్లాస్ బాడీతో, 1.2 లీటర్ల రెనో ఇంజనుతో వచ్చిన రెండు సీట్ల కారు. అది ఎక్కువగా అమ్ముడుపోలేదు. అందువల్ల ఇక్కడి అభిరుచిపరులు మారుతి 800, జెన్, ఎస్టీమ్, జిప్సీ, స్విఫ్ట్ వంటి తేలికైన కార్లనే స్పోర్ట్స్ కార్లుగా మలచుకుంటూ వచ్చారు. ఫార్ములా మారుతి అనే పోటీ తరగతిలో మారుతి 800 ఇంజనునే ఒంటిసీటు రేసుకారుకు అమర్చేవారు. అయితే దానికి టర్బో లేదు.

పెట్రోలు టర్బో చిన్న కార్లు సామాన్య కొనుగోలుదారునికి 2010 తరువాతనే అందుబాటులోకి వచ్చాయి. 2013లో వోక్స్‌వాగన్ పోలో జిటి (1.2 లీటర్లు), 2014లో టాటా జెస్ట్ (1.2 లీటర్లు), 2017లో మారుతి బలెనో ఆర్ఎస్ (1 లీటరు), 2019లో హ్యుందాయ్ వెన్యూ (1 లీటరు) ఈ వరుసలో చెప్పుకోదగినవి. మూడు సిలిండర్ల బలెనో ఆర్ఎస్ 102 హార్స్‌పవర్ ఇచ్చేది. టర్బో కారు నడిపే ఆనందం మాత్రమే కావలసినవారికి ఇటువంటి కారును కొనుక్కోవడమే మేలు. పాత కారుకు టర్బో బిగించడం ఇంజను విద్యను చేతులతో నేర్చుకోవాలనుకునేవారి పని.

పల్నాటి ఎండలో టర్బో

గాలి వేడెక్కితే వ్యాకోచించి పలుచబడుతుంది. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ఒక ఘనపు మీటరు పొడిగాలి బరువు సుమారు 1.225 కిలోలు. అదే గాలి 45 డిగ్రీలకు చేరితే 1.11 కిలోలు మాత్రమే. చల్లని ప్రామాణిక వాతావరణంలో ఇంత పలుచని గాలి కావాలంటే 1000 మీటర్ల ఎత్తుకు ఎక్కవలెను. శాన్‌ఫర్డ్ మాస్ పలుచని గాలి కోసం కొండ ఎక్కాడు. పల్నాటివారికి మే నెలలో ఆ శ్రమ అక్కరలేదు. కృష్ణా తీరపు పల్లపు నేల మీదనే ఇంజను కొండ మీద ఉన్నట్లు ఆయాసపడుతుంది.

దీనికి టర్బో విరుగుడుగా కనిపించవచ్చును. కాని అదిమిన కొద్దీ గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం చేతికి వేడిగా తగలడం అందరికీ అనుభవమే. ఒక సాధారణ టర్బో బయటి గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి, అంటే 0.5 బార్ అదనపు పీడనానికి అదిమిందనుకొందాం. మెకానిక్కుల లెక్కలో ఇది సుమారు 7 పౌండ్లు. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అయితే, బయట 25 డిగ్రీలు ఉన్నప్పుడు టర్బో నుండి వచ్చే గాలి సుమారు 77 డిగ్రీలు ఉంటుంది. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు అది 101 డిగ్రీలకు, అంటే నీరు మరిగే ఉష్ణోగ్రతకు చేరుతుంది.

ఇక్కడ రెండు నష్టాలు జరుగుతాయి. మొదటిది శక్తి నష్టం. పీడనం ఒకటిన్నర రెట్లు అయినా, 101 డిగ్రీల గాలి సాంద్రత బయటి గాలి కంటే 1.28 రెట్లు మాత్రమే. గేజి మీద 50 శాతం కనిపిస్తే ఇంజనుకు అందేది 28 శాతమన్నమాట. అందులో 70 శాతం వేడిని తీసివేయగల ఇంటర్‌కూలర్ పెడితే గాలి 62 డిగ్రీలకు దిగుతుంది, సాంద్రత 1.42 రెట్లు అవుతుంది. పీడనం పెంచకుండానే శక్తి పెరిగినది. కాబట్టి ఈ ప్రాంతంలో ఇంటర్‌కూలర్‌ను ఐచ్ఛికంగా భావించరాదు. డబ్బు చాలకపోతే టర్బో కొనుగోలును వాయిదా వేయవచ్చును కాని, ఇంటర్‌కూలర్ లేకుండా టర్బో బిగించరాదు.

రెండవ నష్టం మరింత ప్రమాదకరమైనది. దానిని నాకింగ్ అంటారు. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండరు అంతటా వ్యాపించేలోపల, మూలన మిగిలిన గాలి, పెట్రోలు మిశ్రమం వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లు శబ్దం వస్తుంది. ఆ దెబ్బలకు పిస్టన్ అంచులు చిట్లుతాయి, రింగులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ పగులుతుంది. లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉంటే నాకింగ్ అంత తొందరగా మొదలవుతుంది. జనవరి తెల్లవారుజామున నిక్షేపంగా నడిచిన కారు అదే పీడనం, అదే పెట్రోలుతో మే నెల మధ్యాహ్నం పిస్టన్ కోల్పోవడానికి కారణం ఇదే. శీతకాలంలో ట్యూనింగ్ చేయించుకున్నవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. భారత్ స్టేజ్ 6 ప్రమాణాలలో సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ సంఖ్య 91గా నిర్ణయించారు. 95, 100 ఆక్టేన్ పెట్రోళ్ళు కూడా దేశంలో ఉన్నాయి గాని, మాచర్ల దారిలోనో గురజాల దారిలోనో ఉన్న ప్రతి బంకులో అవి దొరుకుతాయన్న భరోసాతో ఇంజనును సిద్ధం చేయరాదు. దొరికే పెట్రోలుకే ట్యూనింగ్ చేసుకొనవలెను. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఇథనాలు నాకింగ్‌ను అణచుతుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది. కాని దానిలో శక్తి పెట్రోలు కంటే మూడవ వంతు తక్కువ కనుక ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనాన్ని చిమ్మవలసి ఉంటుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు ఇథనాలుకు మెత్తబడే అవకాశమున్నది. వాటిని ముందే మార్చుకొనవలెను.

ఎండతో పాటు దుమ్మును కూడా లెక్కలోకి తీసుకొనవలెను. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు, మాచర్ల నాపరాతి గనులు ఉన్న ప్రాంతంలో గాలిలో రాతిపొడి సహజం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే కంప్రెసర్ రెక్కలకు ఇసుకరేణువు కూడా ఉలిదెబ్బే. ఆకర్షణీయమైన బోడి ఫిల్టరును ఇంజను పక్కన వేలాడదీయడం ఇక్కడ రెండు విధాల తప్పు. అది దుమ్మును సరిగా ఆపదు, పైగా బానెట్ కింది మరిగిన గాలిని పీలుస్తుంది. కంపెనీ వారి మూసిన ఫిల్టరు పెట్టెనే ఉంచి, దానికి బయటి నుండి గాలి అందేట్లు చూడవలెను.

ఇంటర్‌కూలర్‌ను బంపర్ వెనుక, నేరుగా ఎదురుగాలి తగిలేచోట పెడతారు. దాని వల్ల వెనుకనున్న రేడియేటర్‌కు, ఎసి కండెన్సర్‌కు వేడిగాలి వస్తుంది. ఎసి వేసుకుని, రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగి బయలుదేరిన కారులో ఈ మూడూ వేడెక్కి ఉంటాయి. గేటు తీసిన వెంటనే పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కడం నాకింగ్‌ను కోరి తెచ్చుకోవడమే. గాలి ఉష్ణోగ్రత పెరిగినప్పుడు నిప్పురవ్వ సమయాన్ని తనంతట తానే వెనుకకు జరిపేట్లు కంప్యూటర్‌ను అమర్చుకోవడం ఉత్తమం.

మొదలుపెట్టే క్రమం

టర్బో కొనడం ఈ పనిలో మొదటి మెట్టు కాదు. ముందు ఉన్న ఇంజను ఆరోగ్యం తెలుసుకోవలెను. ప్రతి సిలిండరులోను కంప్రెషన్ కొలిచి, వాటి మధ్య తేడా 10 శాతం దాటితే కారణం కనుక్కొని బాగుచేయించవలెను. నూనె తాగే ఇంజనుకు, నీరు వేడెక్కే ఇంజనుకు టర్బో అమర్చడం జబ్బుమనిషికి కుస్తీ నేర్పడం వంటిది.

కార్బురేటర్ ఉన్న పాత కార్ల కంటే ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఎంపిఎఫ్ఐ కార్లు కొత్తవారికి అనుకూలం. అయితే కంపెనీ కంప్యూటర్‌కు గాలి పీడనం తెలిపే సెన్సర్ మామూలు వాతావరణ పీడనం వరకే చదవగలదు. టర్బో గాలిని అది గుర్తించదు. ఫలితంగా గాలి పెరుగుతుంది గాని పెట్రోలు పెరగదు. పలుచని మిశ్రమం విపరీతమైన వేడితో మండి పిస్టన్ కరుగుతుంది. కాబట్టి ఎక్కువ పీడనం చదవగల సెన్సర్, పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పెట్రోలు పంపు, ప్రోగ్రామ్ చేయడానికి వీలైన కంప్యూటర్ తప్పనిసరి. టర్బో ఒత్తిడిలో ఉన్నప్పుడు మిశ్రమం నిష్పత్తిని 14.7 వద్ద కాక 11.5 నుండి 12.5 మధ్య ఉంచుతారు. ఈ అదనపు పెట్రోలు సిలిండరును చల్లబరచడానికే. దీనిని కొలవడానికి సైలెన్సర్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెడతారు. చెవితో విని, ప్లగ్ రంగు చూసి ట్యూనింగ్ చేసే అలవాటు టర్బో ఇంజనులకు చాలదు.

టర్బో ఎంపికలో ఇంజను పరిమాణం ప్రధానం. 1.3 లీటర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్ల వద్ద, 45 డిగ్రీల ఎండలో సుమారు 3.7 కిలోల గాలిని పీలుస్తుంది. పైన చెప్పిన ఇంటర్‌కూలర్‌తో 0.5 బార్ పీడనం వద్ద ఇది 5.2 కిలోలకు పెరుగుతుంది. ఈ అంకెను టర్బో తయారీదారు ఇచ్చే కంప్రెసర్ పటంలో గుర్తించి, సామర్థ్యం ఎక్కువగా ఉన్న భాగంలో పడే టర్బోను ఎంచుకొనవలెను. పెద్దది కొంటే తరువాత పనికివస్తుందనే ఆలోచన సరికాదు. అటువంటి టర్బో మేలుకొనేసరికి ఇంజను వేగం చివరికి వస్తుంది.

నూనె గొట్టాల అమరికలో తిరుగు గొట్టం ముఖ్యమైనది. టర్బో నుండి నూనె నురుగుగా మారి, తన బరువుతోనే జారి ఇంజను అడుగు తొట్టిలోకి చేరుతుంది. ఆ గొట్టం వెడల్పుగా, మెలికలు లేకుండా, ఎక్కడా పైకి లేవకుండా ఉండవలెను. లేకపోతే నూనె టర్బోలోనే నిలిచి సీళ్ళను దాటుకుని పొగతో కలుస్తుంది. నీలిరంగు పొగ చూసి టర్బో పాడైందని మార్చినవారిలో కొందరికి అసలు దోషం ఈ గొట్టంలోనే బయటపడుతుంది. గట్టిగా నడిపిన తరువాత వెంటనే ఇంజను ఆపరాదు. నూనె ప్రవాహం ఆగి, ఎర్రగా కాలిన టర్బైను పక్కన మిగిలిన నూనె మాడి బొగ్గుపొరగా పేరుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వవలెను.

స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లని రకానివి వేసి, వాటి సందు కొంత తగ్గిస్తారు. మొదటి పరుగులు 0.3 బార్ మించకుండా, సాయంత్రం చల్లబడిన వేళ చేసి, అంకెలన్నీ రాసుకొనవలెను. తరువాత అదే పరీక్షను ఎండవేళ మళ్ళీ చేసి పోల్చి చూస్తే, ఆ కారుకు వేసవిలో ఎంత పీడనం తగునో తెలుస్తుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, అది ప్రాణాంతకం. ఎర్రబారే టర్బో పక్కనుండి పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు పోకుండా చూడవలెను. మంటలార్పే సిలిండరు చేతికి అందేట్లు ఉంచుకొనవలెను.

బ్రేకుల సంగతి చివరకు వాయిదా వేసేవారే ఎక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారులోని గతిశక్తి 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పటి కంటే 1.56 రెట్లు. చిన్న కారుకు కంపెనీ ఇచ్చిన బ్రేకులు కంపెనీ ఇచ్చిన శక్తికి సరిపడేవి మాత్రమే.

లారీ షెడ్ల విద్య

పల్నాడులో టర్బో కొత్త వస్తువు కాదు. సున్నం, సిమెంటు, నాపరాళ్ళు, మిరప, పత్తి మోసే లారీల డీజిల్ ఇంజనులలో అది చాలా కాలంగా ఉన్నది. లారీలకు మరమ్మతు చేసే మెకానిక్కులకు టర్బో ఇరుసును వేళ్ళతో పట్టుకుని ఊపి అరుగుదలను పసిగట్టడం, ఈల శబ్దంలోని మార్పును బట్టి గొట్టంలో పగులును కనుక్కోవడం వంటి మెళకువలు తెలుసు. కొత్తగా నేర్చుకునే విద్యార్థికి ఇటువంటి షెడ్డులో గడిపిన వారం రోజులు పుస్తకం కంటే ఎక్కువ ఉపకరిస్తాయి.

అయితే డీజిల్ అనుభవాన్ని పెట్రోలు కారుకు యథాతథంగా వర్తింపజేయరాదు. డీజిల్ ఇంజను ముందుగా గాలిని మాత్రమే అదిమి, చివర ఇంధనాన్ని చిమ్ముతుంది. మండడానికి ముందుగా మిశ్రమమే లేదు కనుక పైన చెప్పిన రకం నాకింగ్ దానికి లేదు. గాలి ఎక్కువైతే డీజిల్ ఇంజను చల్లగా నడుస్తుంది. పెట్రోలు ఇంజనులో పెట్రోలు పెరగకుండా గాలి పెరిగితే పిస్టన్ పోతుంది. పొగ వేడిమిలో కూడా తేడా ఉన్నది. డీజిల్ పొగ సాధారణంగా 800 డిగ్రీల లోపే ఉంటుంది. గట్టిగా నడిపే పెట్రోలు ఇంజను పొగ 900 నుండి 1000 డిగ్రీలకు చేరగలదు. చవకగా దొరికిన పాత డీజిల్ టర్బోను పెట్రోలు కారుకు బిగిస్తే, దాని టర్బైను గది లోహం ఆ వేడికి పగిలే ప్రమాదమున్నది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును వివరిస్తూ ఇచ్చిన తీర్పులో కూడా ఇదే విషయాన్ని స్థిరపరచినది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ద్వారా అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

దీనిని బట్టి పాత కారుకు టర్బో బిగించి అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీదనో, మాచర్ల నుండి నాగార్జునసాగర్ పోయే దారిలోనో నడపడం చట్టరీత్యా సమర్థించుకోదగినది కాదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించే అవకాశం కూడా ఉన్నది. ఆ నష్టం కారు యజమానితో ఆగదు. దెబ్బతిన్న ఎదుటివారి కుటుంబానికి అందవలసిన పరిహారం సైతం చిక్కులో పడుతుంది. ఈ దారులలో రాత్రివేళ వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు దాటే గొర్రెల మందలు ఎదురుకావడం మామూలే. ఈ అభిరుచికి రహదారి తగిన చోటు కాదు.

నడపదగిన చోట్లు

టర్బో అమర్చిన కారును ట్రాలీ మీద రేస్ ట్రాక్‌కు తీసుకుపోయి నడపడం సరైన పద్ధతి. ఒక శాశ్వత ట్రాక్ చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టై వద్ద ఉన్నది. నరసరావుపేట నుండి ఇది సుమారు 400 కిలోమీటర్లు. 1990లో ఈ ట్రాక్ రాకముందు చెన్నైకి ఉత్తరాన నెల్లూరు దారిలో ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ అంతర్జాతీయ సర్క్యూట్ మిగిలిన ముఖ్యమైన ట్రాక్‌లు. పోటీలలో పాల్గొనదలచినవారు తమ తరగతిలో టర్బోకు అనుమతి ఉన్నదో లేదో ముందుగా చూసుకొనవలెను. అనేక తరగతులలో లేదు.

ఇంజనీరింగు విద్యార్థులకు మరొక దారి ఉన్నది. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ వంటి విద్యార్థి పోటీలలో జట్లు తామే రూపొందించిన చిన్న రేసుకారుతో పాల్గొంటాయి. ఇంజను 710 సిసి మించరాదు. టర్బోకు అనుమతి ఉన్నది గాని, ఇంజను పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక సన్నని ద్వారం గుండా రావలెను. ఆ ద్వారం కంప్రెసర్‌కు ముందే ఉండవలెను. 15 డిగ్రీల గాలి ఈ ద్వారం గుండా నిమిషానికి సుమారు 4.5 కిలోలకు మించి రాదు. గాలి 45 డిగ్రీలు ఉంటే ఆ గరిష్ఠ పరిమితి మరో 5 శాతం తగ్గుతుంది.